లాకు కోసం దివిసీమ దాకా

దివిసీమ వెళ్లొచ్చినవాళ్లు సముద్రం గురించి చెబుతారు, గుడి గురించి చెబుతారు. నేను వెళ్లింది అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క కోసం. అందుకని ఈ కథనంలో కృష్ణ సముద్రంలో కలిసే సంగమం ఆలస్యంగా వస్తుంది, వచ్చాక కూడా ఎక్కువసేపు నిలవదు. పుణ్యం కావలసినవాళ్లు ఇక్కడే బస్సు దిగిపోవచ్చు.

బడి నన్ను తొమ్మిదో తరగతిలో వదిలేసింది. నేనూ పెద్దగా బతిమాలలేదు. బెజవాడలో రేడియోలు బాగుచేసే షాపులో చేరాను. షాపులోకి రేడియోల తర్వాత టీవీలొచ్చాయి, టీవీల తర్వాత కంప్యూటర్లొచ్చాయి. పరీక్ష రాయకుండా నాకు దొరికిన ప్రమోషన్లు అవే. 2002 నాటికి నా భుజాన ఒక సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, ఒక మెత్తటి బ్రష్షు, ముప్ఫై దాకా సీడీలు ఉండేవి. వాటిలో డబ్బిచ్చి కొన్నవి రెండు. మిగతావాటి పుట్టుపూర్వోత్తరాలు ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కారు.

కార్తీకమాసం మొదట్లో పెడన నుంచి ఫోనొచ్చింది. చేసినాయన పేరు నాంచారయ్య. కలంకారీ అద్దకం పని ఆయనది. "మా కంప్యూటరు తెలుగు మర్చిపోయిందండీ," అన్నాడు. ఇంగ్లీషు గుర్తుందా అని అడిగాను. "అది బాగానే ఉందండీ. మాకే రాదు," అన్నాడు.

అలాంటి ఫోను వస్తే మనిషన్నవాడు ఆగుతాడా? మర్నాడు రైలెక్కాను.

గుడివాడ: లెక్కల మాస్టారు నెట్టులో ఉన్నారు

దారిలో గుడివాడలో దిగిపోవడం నా బలహీనత. అక్కడ సాంబశివరావుకు నెట్ సెంటరుండేది. మేమిద్దరం ఒకే షాపులో పని నేర్చుకున్నాం. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. గంటకు ఇరవై రూపాయలు, ఆరు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ గోడలు. అందులో ఒకటి ఎప్పుడూ చెడిపోయి ఉండేది. నేను వెళ్లిన ప్రతిసారీ అది వేరేది.

ఆ నెలలోనే, నెట్టుకొచ్చే ప్రతివాడి పేరూ ఊరూ రిజిస్టరులో రాయించాలని పోలీసులు అతనికి చెప్పి వెళ్లారట. దొంగ మెయిళ్లూ బెదిరింపులూ పట్టుకోవడానికి. రిజిస్టరు తెరిచి చూశాను. కాలేజీ కుర్రాళ్లందరూ తమ పేరు బదులు ఒకే లెక్కల మాస్టారి పేరు రాశారు. దాని ప్రకారం ఆ పెద్దమనిషి ఒకే మధ్యాహ్నం నాలుగు కంప్యూటర్ల ముందు ఒకేసారి కూర్చున్నాడు.

నువ్వు సరిచూడవా బావా అన్నాను. "ఎందుకు చూడనూ? ఒకడు ఇంటిపేరు తప్పు రాస్తే దిద్దించాను కూడా," అన్నాడు గర్వంగా.

భద్రత మీద ఎవరు పెద్ద మాటలు చెప్పినా నాకిప్పటికీ ఆ రిజిస్టరే గుర్తొస్తుంది. పుస్తకం పెట్టినంత మాత్రాన దొంగ పేరు రాసిపోడు. రాసిపోయేవాడు దొంగ కాడు. మధ్యలో ఇరుక్కునేది మాస్టారు.

సాంబశివరావుకు ఇంకో బాధ ఉండేది. ఎవరో పెద్ద చదువుల వాళ్లు చెప్పారని రెండు కంప్యూటర్లలో విండోస్ తీసేసి లైనక్స్ వేశాడు. కొనక్కర్లేదు, దొంగతనం చెయ్యక్కర్లేదు, వైరస్ భయం తక్కువ. అన్నీ నిజమే. కానీ వచ్చినవాళ్లు అలవాటైన మూలలో అలవాటైన బొత్తం కనపడక లేచిపోయేవారు. ఆ లైనక్స్ పెంగ్విన్ బొమ్మ ముందు వారం రోజులు కుర్చీలు ఖాళీ. ఉచితం విలువ తెలియాలంటే ముందు కొనుక్కునే అలవాటుండాలి బావా అన్నాను. మన దగ్గర ఉచితానిదీ దొంగదానిదీ ఒకే ధర, సున్నా. అతను నవ్వి పెసరట్టు ఉప్మా తెప్పించాడు. ఎనిమిది రూపాయలు. బెజవాడలో అదే డబ్బుకు అట్టు వస్తుంది, ఉప్మాకు మళ్లీ ఇవ్వాలి. గుడివాడను నేను ఎప్పుడూ తప్పుపట్టను.

పెడన: నూనె రాసిన తాళం

పెడనలో దిగితే దారి అడగక్కర్లేదు. ఒక వీధిలో మగ్గాల చప్పుడు, ఇంకో వీధిలో అచ్చుల చప్పుడు. చెక్క అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, మణికట్టుతో ఒక్క దెబ్బ. కాలవ గట్టున ఆరేసిన గుడ్డలను దాటుకుంటూ నాంచారయ్య గారిల్లు చేరాను. గుడ్డలు వేసిన దండేల మధ్య, పూల దుప్పటి కప్పుకుని కొత్తకోడలిలా కూర్చుని ఉంది కంప్యూటరు.

దాని దగ్గర ఆయన కూతురు నాగమణి నిలబడింది. బందరులో టైపు నేర్చుకున్న పిల్ల. నన్ను పైనుంచి కిందికి చూసి ఎంతవరకు చదివారండీ అంది.

"తొమ్మిది."

"పాసా?"

"తొమ్మిది దాకా పాసే."

నవ్వు దాచుకుని దుప్పటి తీసింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

ఆ ఇంట్లో పని ఎప్పుడూ రెండు భాగాలు. బల్ల దగ్గర అద్దకం నాంచారయ్య గారిది, వెనక పాకలో రంగులు కాచడం వాళ్ల నాన్నది. ఇనుప తుక్కూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టి నలుపు తియ్యడం, పటిక పెట్టిన గుడ్డను ఎర్రరంగు వేరుతో ఉడికించి ఎరుపు తియ్యడం ఆయనకే తెలుసు. కొడుకు ఆ పాకలోకి వెళ్లేవాడు కాదు, తండ్రి ఈ బల్ల దగ్గరికి వచ్చేవాడు కాదు. ఆ ముసలాయనకు రాయడం రాదు. అందుకని మూడేళ్లపాటు మధ్యాహ్నాలు అన్నాలయ్యాక మనవరాలిని కూర్చోబెట్టి చెప్పేవాడు, ఆమె తెలుగు టైపు చేసేది. అచ్చు తీద్దామంటే ఇంకా అయిపోలేదనేవాడు. ఆ వేసవిలో ఆయనే అయిపోయాడు. ఆయన మాటలున్న ఆ ఫైలు తెరవడానికి దసరా దాకా ఆమెకు మనసొప్పలేదు. ఆయన పోయాక కాచిన ఎరుపు ఇటుక రంగుకు తిరిగింది. బట్ట తీసుకునే షావుకారు రెండుసార్లు తిప్పి పంపాడు. ఇంకో నెల చూసి, కుదరకపోతే రసాయన రంగుల్లోకి దిగిపోదామని నాంచారయ్య గారు అనుకుంటున్నాడు. వెనక పాక తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది.

"మూడేళ్లు కొట్టావుగా, ఎరుపు సంగతి కాస్త కూడా గుర్తులేదా?" అని అడిగాను.

నాగమణి కీబోర్డు వైపు చూసింది. "నేను కొట్టానండీ. వినలేదు," అంది.

ఇప్పుడు తాళం సంగతి. ఆ రోజుల్లో తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు కొంటే సీడీతోపాటు ఒక చిన్న ప్లాస్టిక్ దిమ్మ ఇచ్చేవారు. దాన్ని లాకు అనేవాళ్లం. కంప్యూటరు వెనక ప్రింటరు తీగ పెట్టేచోట దాన్ని గుచ్చి, తీగను దాని వెనక తగిలించాలి. లాకు లేకపోతే ప్రోగ్రాం తెరుచుకోదు. ప్రోగ్రాం లేకుండా ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గుప్పెడు చల్లినట్టు కనిపిస్తాయి. మీరు రాసుకున్నది మీదే, చదువుకోవాలంటే మాత్రం వాళ్ల దిమ్మ కావాలి. ఆ లాకు తీసి వాసన చూశాను. వేరుశెనగ నూనె.

నాగమణి తల్లి సీతమ్మ గారు అప్పుడు ముందుకొచ్చింది. దసరాకు అచ్చులన్నీ కడిగి, నూనె పట్టించి, పసుపూ కుంకుమా పెట్టి పూజలో ఉంచుతారు. నూనె తాగిన చెక్క పగలదు. ఈ దిమ్మ లేకపోతే పెట్టె కదలదని కూతురు ఎన్నోసార్లు అనగా విని, దాన్నీ పీకి అచ్చులతోపాటు కడిగి, నూనె గిన్నెలో ఒక పూట నానబెట్టింది.

"పనిముట్టు కదా నాయనా, దానికొక్కదానికీ పూజ లేకపోతే ఎట్లా?" అంది.

ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. పెట్రోలుతో కడిగాను, విప్పి చూశాను. లోపల మాడిన మచ్చ. లాకు అమ్మిన హైదరాబాదు కంపెనీకి ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేస్తే ఎవరో గృహిణి ఎత్తింది. కంపెనీ నడిపిన ఇద్దరబ్బాయిలూ గది ఖాళీ చేసి ఏడాదైందట. కంపెనీ అంటే నేను మేడ అనుకున్నాను, గదట.

మధ్యాహ్నం కందిపచ్చడి, మజ్జిగ పులుసుతో భోజనం. నా విస్తట్లో సీతమ్మ గారు మరీ ఎక్కువ నెయ్యి వేసింది. తప్పు చేశానని అనుకునేవాళ్లు వడ్డించే తీరు వేరుగా ఉంటుంది.

బందరు: దొంగలకు అక్కర్లేని భాష

నా ధీమా నాకుంది. లోకంలో ఏ తాళానికైనా దొంగ తాళంచెవి ఒకటి సీడీ మీద దొరికే రోజులవి. మర్నాడు బందరులో అలాంటి సీడీలు అమ్మే ఆయన దగ్గరికి వెళ్లాను. పేరడిగితే చెప్పలేదు, నేనూ నా పేరు చెప్పలేదు. ఆ వ్యాపారంలో అదే మర్యాద. అమెరికా బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు ఉందా అంటే ఉంది. లక్ష రూపాయల లెక్కల సాఫ్ట్‌వేరు ఉందా అంటే నలభై రూపాయలకుంది. తెలుగుది అడిగాను. చేస్తున్న పని ఆపి జాలిగా చూశాడు.

"తెలుగుకి ఎవరు పగలగొడతారండీ? దొంగతనం చెయ్యాలన్నా గిరాకీ ఉండాలిగా," అన్నాడు.

ఆ రోజు నాకు నిజంగా కష్టమేసింది. మన భాషను కాపాడాలని సభలు పెట్టేవాళ్లు కొందరైనా ఉన్నారు. దోచుకోవాలనుకునేవాడు ఒక్కడూ లేడు.

అయితే ఆయనే ఒక మాట చెప్పాడు. అదే కంపెనీ కుర్రాళ్లు ఈ పక్కన రెండే లాకులు అమ్మారట. ఒకటి పెడనలో. రెండోది అవనిగడ్డలో పెళ్లి శుభలేఖలు వేసే ప్రసాదరావు గారికి. తొక్కుడు లడ్డు కిలో కట్టించుకున్నాను, ముందుచూపుతో. ఎవరినైనా ఏమైనా అడగబోయేటప్పుడు చేతిలో బందరు లడ్డు ఉండటం మంచిది. మోపిదేవి దాటేసరికి సగం కిలో మిగిలింది. బస్సు కుదుపులకు లడ్డు పొడైపోతుంది కదా, పొడిని వదిలెయ్యలేం కదా.

హంసలదీవి: సంతకం చేసిన మనిషి

అవనిగడ్డలో శుభలేఖల బోర్డు ఉంది, కింద షట్టరు దించి ఉంది. ప్రసాదరావు గారు ఇప్పుడు పీతల వ్యాపారంలో ఉన్నారని, హంసలదీవి వెళ్తే దొరుకుతారని పక్క కొట్టువాళ్లు చెప్పారు. కోడూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. రెండు పక్కలా పొట్ట మీదున్న వరి. పోనుపోను చేలు అయిపోయి మడ చెట్లు, ఉప్పు గాలి. మా బెజవాడలో కృష్ణ అంటే బ్యారేజీ మీద జనం. ఇక్కడ కృష్ణ ఎవరి గొడవా లేకుండా, వెడల్పుగా, కాస్త అలసిపోయినట్టు సముద్రంలోకి నడిచి వెళ్తోంది.

ప్రసాదరావు గారు పాకలో ఐసు మధ్య పీతలు సర్దిస్తున్నారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను. శుభలేఖల నాటి అలవాటు. నేను సగం కిలో లడ్డు ఇచ్చి సంగతంతా చెప్పాను. లాకు భద్రంగా ఉందన్నారు. కంప్యూటరు అమ్మేశారు గానీ లాకు మాత్రం ఇంట్లో పౌడరు డబ్బాలో, కర్పూరం బిళ్లలతోపాటు ఉందట.

"ఉంది గానీ ఇవ్వనండీ," అన్నారు మెల్లగా. కొనేటప్పుడు ఆయన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, లాకు ఇంకొకరికి ఇవ్వనని.

ఆ కాగితాలు నేను వేలకొద్దీ చూశాను. ఏ సాఫ్ట్‌వేరు వేసినా ముందు ఆ షరతులొస్తాయి. ఒప్పుకుంటున్నాను అనే చోట నొక్కడం తప్ప లోకంలో ఎవరూ చదవగా చూడలేదు. చదివి, గుర్తుపెట్టుకుని, దాని ప్రకారం నడుచుకునే మనిషి ఎక్కడున్నాడయ్యా అంటే హంసలదీవిలో పీతలమ్ముతున్నాడు. ఆ కంపెనీయే లేదు కదండీ అన్నాను.

"కంపెనీ పోయింది. సంతకం పెట్టినవాణ్ణి నేనున్నాగా," అన్నారు.

 అంతలో పడవ దిగి ఏడుకొండలనే జాలరి వచ్చాడు. ఆ పీతలు పట్టేది ఆయనే. చేతిలో ఫోనంత యంత్రం ఉంది, సముద్రంలో ఎక్కడున్నామో చూపించేది. చేపలు పడిన చోటు దానిలో గుర్తు పెట్టుకోవచ్చు. ఒడ్డుకు రాగానే ఆ గుర్తులన్నీ చెరిపేస్తాడు, పక్కవాడు చూడకుండా. ఇంత భద్రత నేను బ్యాంకుల్లో కూడా చూడలేదు. మరి రేపు మర్చిపోతేనో అన్నాను. మా తమ్ముడికి నోటితో చెప్పేశాకే చెరుపుతానన్నాడు. తర్వాత మా గొడవంతా విని ఒకే మాట అడిగాడు.

"ఆ పెద్దాయన పెట్టెకి చెప్పాడు సరే. మనిషికెవరికీ చెప్పలా?"

చెప్పాడు, ఆ మనిషి వినలేదు, దానికే ఏడుస్తోంది అన్నాను. నేనే అనుకోలేదు, మాట అలా వచ్చేసింది. ప్రసాదరావు గారు పీతల బుట్ట మీద చెయ్యి ఆపేశారు. 

"ఇంకొకరికి ఇవ్వనని రాశాను. నేను ఇంకో ఊరు వెళ్లనని రాయలేదుగా. నా లాకు నేనే తీసుకుని వస్తా. నేనే పెడతా, నేనే తీస్తా," అన్నారు.

ఇంత చక్కటి తీర్పు నేను ఇంకెక్కడా వినలేదు.

ఆ ఆనందంలో పడవ చూద్దామని ఎక్కి, దిగేటప్పుడు బురదలో జారాను. సంచి నీళ్లలో పడింది. ముప్ఫై సీడీల్లో చాలావాటికి ఉప్పునీళ్లూ బురదా పట్టాయి. లక్షల రూపాయల దొంగ సాఫ్ట్‌వేరు, ఒక్క నిమిషంలో. ఏడుకొండలు వాటిని కడిగి దారం కట్టి ఎండుచేపల మీద వేలాడదీశాడు. ఎండకు తళతళమంటుంటే కాకులు వాలలేదు. నేను ఎన్నో ఏళ్లు మోసిన ఆ సీడీలు నిజాయితీగా చేసిన మొదటి ఉద్యోగం అదే.

ఆ పూట వాళ్లింట్లో నాకు పీతల పులుసు పెట్టారు. ప్రసాదరావు గారు కార్తీకమని పెరుగన్నం తిన్నారు. రోజంతా పీతలు అమ్మి వాటి వైపు చూడకుండా తినడం కూడా ఒక రకం సంతకమే అనుకున్నాను.

మళ్లీ పెడన

మర్నాడు బస్సులో ప్రసాదరావు గారు లాకును చొక్కా జేబులో పెట్టి పిన్నీసు గుచ్చుకున్నారు. మోపిదేవి దగ్గర చెకింగ్ ఆయన టిక్కెట్టు అడిగితే ముందు పిన్నీసు తడుముకుని తర్వాత టిక్కెట్టు తీశారు. దారంతా శుభలేఖల కబుర్లే. పెళ్లికొడుకు పేరు తప్పు పడితే రాత్రికి రాత్రి మళ్లీ వేసివ్వడం, శ్రావణమాసంలో నిద్ర లేకపోవడం. ఎందుకు మానేశారని అడిగాను. కంప్యూటరు పాతదైందట, కొత్త విండోస్‌లో లాకు పనిచెయ్యదన్నారట. పీతకు కొత్త వెర్షను రాదు కదండీ అన్నారు. నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను.

పెడనలో ఆయన చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, తన చేత్తోనే లాకు గుచ్చారు. సీతమ్మ గారు దూరంగా, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది, ముట్టుకుంటానేమోనని తనకే భయమైనట్టు. ప్రోగ్రాం తెరుచుకుంది. తెరనిండా తెలుగు.

ముందు చదవొద్దు, అచ్చు తియ్యమన్నాను. అది ఒక్కటే ఆ ప్రయాణం మొత్తంలో నేను చెప్పిన తెలివైన మాట. సూదుల ప్రింటరు గంటన్నరసేపు అచ్చుల చప్పుడును మించి అరిచింది. నలభై చిల్లర కాగితాలు. చివరిది రాగానే ప్రసాదరావు గారు లాకు తీసి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చుకున్నారు. తెర మళ్లీ మూగదైంది. ఇక మాకు దాంతో పనిలేదు.

నాగమణి కాగితాలు తీసుకుని మొదటిది చదివింది. చుక్కలూ కామాలూ లేకుండా ఆ ముసలాయన ఏమంటే అది కొట్టేసింది. మణీ మొదలుపెట్టావా సరే నలుపుకి పాత మేకులు మంచివి కొత్తవి పనికిరావు మీ అమ్మని మజ్జిగ తెమ్మను ఇది కూడా కొట్టావా కొట్టమాక. నాంచారయ్య గారు గట్టిగా నవ్వాడు. సీతమ్మ గారు మజ్జిగ కోసం లేవబోయి, మళ్లీ కూర్చుంది.

పదో పన్నెండో కాగితం దగ్గర నాగమణి ఆగిపోయింది. కాగితాల కట్ట నా చేతికిచ్చింది. తను కింద చాప మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

నేను బడి మానేశాక పదిమందిలో పైకి చదవడం అదే మొదలు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. మణీ నువ్వు వింటన్నావా కొడతన్నావా కొట్టడానికి పెట్టె ఉంది వినడానికి నువ్వుండాలి ఎరుపు చెప్తా చూడు బోరు నీళ్లు ముట్టుకోమాక బోరు నీళ్లకి ఎరుపు ఇటుకైపోద్ది కాలవలో నీళ్లు వదిలాక మూడు రోజులు ఆగు ఒండు కిందకి దిగుద్ది అప్పుడు పైనీళ్లు పట్టు.

నాంచారయ్య గారు లేచి పెరట్లోకి చూశాడు. అక్కడ పోయిన ఏడాదే వేయించిన బోరుంది. వెళ్లి వెనక పాక గొళ్లెం తీశాడు. ఆ చప్పుడుకు నేను చదవడం ఆపాను.

నాగమణి తల పైకెత్తలేదు. చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"చదవండి. వింటున్నా," అంది.